ప్రైవేటు గ్రీజు

కడలివాడ ప్రభుత్వ డిగ్రీ కళాశాలలో ఒక నిబంధన ఉంది. కళాశాల వస్తువు ఏదైనా గేటు దాటి బయటికి వెళితే, వెళ్ళిన స్థితిలోనే తిరిగి రావాలి. పూర్వం ఒక తెలుగు మేష్టారు వార్షికోత్సవం పాటల కోసం హార్మోనియం ఇంటికి పట్టుకెళ్ళి, రెండు మెట్లు మూగబోయాక తెచ్చి ఇచ్చారట. అప్పటి ప్రిన్సిపాల్ కోపంలోంచి ఈ నిబంధన పుట్టింది. ఆ ప్రిన్సిపాల్ పోయారు, మేష్టారు పోయారు, హార్మోనియాన్ని చెదలు తినేశాయి. నిబంధన మాత్రం పుట్టిన నాటి ఆరోగ్యంతోనే ఉంది.

ఫిజిక్సు లెక్చరర్ గుత్తుల హైమవతి ఈ నిబంధన కింద సంతకం పెట్టే టెలిస్కోపు మౌంటు ఇంటికి తీసుకువెళ్ళింది. మౌంటు అంటే టెలిస్కోపు గొట్టాన్ని మోస్తూ, అటూ ఇటూ తిప్పే ఇనప మెడ. ఆకాశం ఒకచోట నిలబడదు కనక, చూసేవాళ్ళు మెడని మెల్లగా తిప్పుతూ దాని వెంట వెళ్ళాలి. కళాశాల మౌంటు లోపలి గ్రీజు ఏళ్ళ తరబడి బీరువాలో ఉండి ఉండి బిగుసుకుపోయింది. తిప్పబోతే కదలదు. ఇద్దరు అటెండర్లు పట్టి తోస్తే ఒక్కసారిగా గెంతి, చూడదలచిన గ్రహాన్ని దాటిపోయి ఎక్కడో ఆగుతుంది. అందుచేత హైమవతి సర్వీసు మొత్తంలో ఆ టెలిస్కోపులోంచి ఒక్క పిల్లకీ శనిగ్రహం ఉంగరం చూపించలేకపోయింది. ఏటేటా బోర్డు మీద సుద్దముక్కతో గీసి చూపించింది. గీయగా గీయగా ఆ బొమ్మ మాత్రం చాలా చక్కగా కుదిరింది.

ఈ నెలాఖరుకి ఆమె రిటైరవుతోంది. ఈ నెలంతా శని పొద్దుగూకగానే నైరుతి దిక్కున కనిపిస్తాడు. పై నెలకి సూర్యుడి పక్కకి జరిగిపోయి, సాయంకాలాల్లో ఇక దొరకడు. ఆమె దగ్గర చదివే ఆడపిల్లల్లో చాలామంది సముద్రపు ఒడ్డు ఊళ్ళవాళ్ళు. వాళ్ళ ఆఖరి బస్సు ఏడింటికి. చీకటి పడ్డాక, బస్సు కదిలే లోపల చూపించాలి. చూపిస్తే ఈ నెలలోనే చూపించాలి, లేదంటే ఇంక లేదు. ఇన్నేళ్ళూ సుద్దముక్క ఉంగరమే చూపించి వెళ్ళిపోవడమంటే ఆమెకి మహా సిగ్గుగా ఉంది.

కళాశాల లాబులో కిరసనాయిలు సీసా మూత తీయాలంటే అగ్నిమాపక శాఖ అనుమతి కావాలి. ఇంట్లో తీయాలంటే మొగుడి అనుమతి చాలు. హైస్కూల్లో డ్రిల్లు మేష్టారుగా చేసి రిటైరైన సూర్యారావు ఆ అనుమతి ఇవ్వడమే కాక, కిరసనాయిలు కూడా ఎక్కడో సంపాదించుకొచ్చాడు. ఆదివారం పొద్దున్నే భోజనాల బల్ల మీద పాత పేపర్లు పరిచి హైమవతి పని మొదలుపెట్టింది. ఊడదీసిన మరలు ఏ వరసలో వచ్చాయో ఆ వరసలోనే స్టీలు గిన్నెల్లో పెట్టింది. పళ్ళచక్రం సందుల్లో పాత గ్రీజు ముదురుపాకంలా అంటుకుని ఉంది. దాన్ని పుల్లతో గీకి, పాత టూత్‌బ్రష్షు కిరసనాయిల్లో ముంచి తోమి, నేతచీర ముక్కలతో తుడిచింది. ఆపైన కొత్త గ్రీజు చపాతీకి నూనె రాసినంత పల్చగా రాసింది. మరలు బిగించడంలోనే ఉంది అసలు సంగతి. ఎక్కువ బిగిస్తే పట్టేస్తుంది, తక్కువ బిగిస్తే ఊగుతుంది. బిగించి, వదులు చేసి, మళ్ళీ బిగించి, సాయంత్రానికి ఒక్క వేలితో తోసింది. మౌంటు తోసినంత మేర వెళ్ళి, వదిలిన చోట ఆగింది. ఆమె మొగుణ్ణి పిలిచి అతని చేత కూడా తోయించింది. కిరసనాయిలు వాసన కొట్టే చారు పోసుకుని అన్నం తిన్నా ఆ పూట ఇద్దరికీ సంతోషంగానే ఉంది.

గీకి తీసిన పాత గ్రీజు కిరసనాయిలు తగిలి మెత్తబడి ఒక సీసా మూతలో ఉంది. పారెయ్యడం దేనికని సూర్యారావు దాన్ని తీసుకెళ్ళి, చాన్నాళ్ళుగా కీచుమంటున్న ఇంటి గేటు బందులకి శుభ్రంగా పట్టించాడు. గేటు నోరు మూసుకుంది.

సోమవారం మౌంటు తిరిగి అప్పగించడానికి స్టోరు రూముకి వెళితే, స్టోర్స్ సూపరింటెండెంటు కొమ్మిశెట్టి వీరభద్రం కళ్ళజోడు పెట్టుకుని, మౌంటు మీద చెయ్యి వేసి తోశాడు. అది తిరిగింది. చెయ్యి తీసి, మళ్ళీ చిటికెనవేలితో తోశాడు. మళ్ళీ తిరిగింది. ఆయన ముఖం వాడిపోయింది.

"ఇది మనది కాదండి మేడంగారూ," అన్నాడు.

నంబరు చూడమంది హైమవతి.

"నంబరు మనదేనండి. తిరగడం మనది కాదు. పట్టుకెళ్ళేటప్పుడు 'మొరాయించుచున్నది' అని మీరే రాసి సంతకం పెట్టేరు. మొరాయించేది పట్టుకెళ్ళినవాళ్ళు మొరాయించేదే తేవాలి కదండీ."

బాగుచేసి తెచ్చానని ఆమె చెప్పింది. పాడుచేసి తెస్తే ఆ నిబంధన వర్తిస్తుంది గానీ బాగుచేస్తే ఎందుకు వర్తిస్తుందని కూడా అడిగింది. వీరభద్రం జాలిగా చూశాడు. మంచి చెడ్డలు చూడటం దేవుడి పని అనీ, స్థితి మారిందా లేదా అన్నది ఒక్కటే స్టోరు పని అనీ, ఆ హార్మోనియం మెట్లు మూగబోకుండా మరింత బాగా పలికినా తాను పుచ్చుకునేవాణ్ణి కాదనీ చెప్పాడు. ఆయన చెడ్డవాడు కాదు. మౌంటు పట్టుకుని నిలబడ్డ ఆమెకి కుర్చీ వేయించి మంచినీళ్ళు కూడా ఇప్పించాడు. మౌంటు మాత్రం పుచ్చుకోలేదు.

ప్రిన్సిపాల్ పేరిచర్ల నరసరాజు గారు మర్యాదస్తుడు. తన హయాములో ఏదీ జరగకూడదన్నదే ఆయన ఏకైక ఆశయం. ఏదో జరిగిందని తెలిసి చాలా నొచ్చుకుని, వెంటనే ప్రాంతీయ కార్యాలయానికి రాశారు. అక్కణ్ణించి వచ్చిన జవాబు సంగతిని ఇంకో మెట్టు పైకెక్కించింది. స్థితి మార్పు అటుంచి, ప్రభుత్వ మౌంటు లోపల ఒక ప్రైవేటు గ్రీజు అనుమతి లేకుండా నివాసం ఏర్పరచుకున్నట్టు కార్యాలయం వారు కనిపెట్టారు.

"అది ఆక్రమణ కింద వస్తుందండి, అమ్మా," అన్నారు నరసరాజు గారు నెమ్మదిగా. "చెరువు పోరంబోకులో గుడిసె వేసినట్టేనండి."

ఆ గ్రీజుని కళాశాలకి విరాళంగా ఇచ్చేస్తానంది హైమవతి. విరాళం పుచ్చుకోవాలంటే సచివాలయం ఒప్పుకోవాలని ఆయన చెప్పారు. పోనీ తీసేస్తానంది. తీయాలంటే విప్పాలనీ, విప్పడమంటే స్థితి మరోసారి మార్చడమేననీ చెప్పారు. అంతదాకా మౌంటు కళాశాలది అని చెప్పడానికి లేదు, కాదనడానికీ లేదు. అటువంటి వస్తువుని గదిలో పెడితే గదికి చిక్కు, వరండాలో పెడితే వరండాకి చిక్కు. ఆఖరికి మేడ మీద పెట్టించమన్నారు. ఆకాశం ఏ శాఖ కిందా లేదు కనక అక్కడ ఫరవాలేదని ఆయన ఉద్దేశం.

హైమవతి మౌంటుని మేడ మీద దాని మూడు కాళ్ళ పీట మీద నిలబెట్టి, పడిపోకుండా ఉంటుందని గొట్టాన్ని కూడా తెచ్చి దానికి బిగించింది. పొద్దుగూకాక నైరుతి వైపు తిప్పి చూసింది. గొట్టంలో శని, చుట్టూ ఉంగరం, మధ్యలో సన్నటి నల్లటి ఎడం. ఇన్నేళ్ళ సర్వీసులో ఆమె కూడా ఇంత నిలకడగా చూడటం ఇదే మొదలు. కళ్ళలో నీళ్ళొచ్చి బొమ్మ మసకబారితే తుడుచుకుని మళ్ళీ చూసింది. శుక్రవారం పిల్లలందరికీ చూపిస్తానని మర్నాడు క్లాసులో చెప్పి, గొట్టాన్ని అలాగే వదిలేసి పైన టార్పాలిను కప్పింది.

శుక్రవారం కంటే ముందే, బుధవారం పొద్దున, విచారణాధికారి మంథా దక్షిణామూర్తి గారు వచ్చారు. ఆయన ప్రాంతీయ ఆస్తుల యథాస్థితి అధికారి. ముప్ఫయ్యేళ్ళుగా ఆదేశాలు రాసి రాసి ఆయన నోట మాట కూడా ఆదేశంలాగే వచ్చేది. టీ కావాలా అని అడిగితే "అభ్యంతరము లేదు" అనేవారు. వచ్చీ రాగానే, కొత్త గ్రీజు సంగతి అలా ఉంచి, పాత గ్రీజు ఏమైందని అడిగారు. అది ప్రభుత్వ ఆస్తి. ఎక్కడ ఉన్నదో తెలియాలి.

కళాశాలకి పిలిపించిన సూర్యారావు డ్రిల్లు మేష్టారు కనక నిటారుగా నిలబడి నిజం చెప్పేశాడు. "మా గేటుకి రాసేనండి."

దక్షిణామూర్తి గారు కళ్ళు మూసుకున్నారు. తెరిచాక, ఒక్కొక్క మాటే పేర్చి, "ప్రైవేటు గ్రీజు ప్రభుత్వ మౌంటులో. ప్రభుత్వ గ్రీజు ప్రైవేటు గేటులో. ఇది పరస్పర ఆక్రమణ. మా కార్యాలయ చరిత్రలో అపూర్వము," అన్నారు. ఆ ఆఖరి మాటలో కొంచెం గర్వం కూడా వినిపించింది.

గేటు నుంచి గ్రీజుని అక్కడే వేరుచేస్తే సాక్ష్యం చెడుతుంది కనక, గేటునే స్వాధీనం చేసుకోవలసి వచ్చింది. మధ్యాహ్నానికల్లా ట్రాలీ ఆటో వచ్చింది. రెండు రెక్కలూ ఊడదీసి, తాళ్ళతో కట్టి, వీధంతా చూస్తుండగా కళాశాల స్టోరుకి తీసుకుపోయారు. రసీదు కావాలన్నాడు సూర్యారావు. ఇచ్చారు. సదరు గేటు తీసుకువెళ్ళిన స్థితిలోనే తిరిగి అప్పగించబడునని దాని కింద అచ్చు వేసి ఉంది.

సాయంత్రం మేడ మీదికి ఎక్కి దక్షిణామూర్తి గారు తీర్పు చెప్పారు. పై నెలలో గ్రీజు పునఃప్రతిష్ఠాపన సంఘం సమావేశమవుతుంది. గేటు బందుల నుంచి పాత గ్రీజు సేకరించి, మౌంటులో కూరి, ఇద్దరు అటెండర్లు తోస్తే గాని కదలదని రుజువయ్యాక సంఘం దాన్ని స్టోరుకి అప్పగిస్తుంది. అంతవరకూ మౌంటును ఎవరూ తిప్పరాదు.

"పై నెలకి నేనుండను సార్," అంది హైమవతి. "శని కూడా ఉండడు. ఈ పిల్లలకి ఒక్కసారి చూపించనివ్వండి, తరవాత ఎంత గ్రీజు కూరుకున్నా నేను అడగను."

"గ్రహముల రాకపోకలు మా పరిధిలోనివి కావు," అన్నారు దక్షిణామూర్తి గారు.

హైమవతికి ఒళ్ళు మండిపోయింది. ఆయన మౌంటు కీళ్ళ మీద గుడ్డపట్టీ చుట్టించి, లక్క కరిగించి పోయిస్తూ, గొట్టాన్ని కొంచెం కిందికి దించి తిన్నగా పెట్టిద్దామా అన్నారు. యథాస్థితి అన్నారు కదా సార్, అది ఎలా ఉందో అలాగే ఉంచితే మంచిదేమో అంది ఆమె, చాలా మెత్తగా. ఉద్యోగులందరూ ఇలా ఉంటే ఎంత బాగుంటుందని ఆయన మెచ్చుకున్నారు. గొట్టానికి సీలు వేయలేదు. అది కళాశాల గేటు ఎన్నడూ దాటలేదు కనక నిర్దోషి.

గ్రహాల రాకపోకలు ఎవరి పరిధిలోవో హైమవతికి బాగా తెలుసు. ఇవాళ ఆకాశంలో ఉన్న చోటికే శని రేపు కూడా వస్తాడు, నాలుగు నిమిషాలు ముందుగా. మౌంటు కదలకూడదని ఆదేశంలో ఉంది. శని కదలకూడదని లేదు. గొట్టం అతను వచ్చే దారి మీదనే కాపు వేసి ఉంది.

గురువారం సాయంత్రం పిల్లలు మేడ మీద వరసగా నిలబడ్డారు. ముందు గొట్టంలో ఏమీ లేదు. తరవాత ఒక అంచు నుంచి శని ఉంగరంతో సహా తీరుబడిగా లోపలికి వచ్చి, అవతలి అంచుకి నడిచి వెళ్ళిపోయాడు. ఆ కాస్త వ్యవధిలో ముగ్గురో నలుగురో చూడగలిగారు. మిగతావాళ్ళు బస్సుకి పరిగెత్తారు. ఎవరూ మౌంటు మీద చెయ్యి వేయలేదు. రోజూ ఇదే జరిగింది. కానీ రోజూ నాలుగు నిమిషాలు ముందుకి జరుగుతూ, శని ఇంకా వెలుతురుండగానే వచ్చిపోవడం మొదలుపెట్టాడు. ఇంకొద్ది రోజులు పోతే తెల్లటి ఆకాశంలో కనిపించడు. వరసలో పిల్లలు ఇంకా సగంమంది మిగిలే ఉన్నారు. ఎవరు చూశారో ఎవరు చూడలేదో ఆమెకి ముఖాలు చూస్తేనే తెలిసిపోయేది. చూడనివాళ్ళ ముఖాలు ఇంటికెళ్ళాక కూడా ఆమెని వదల్లేదు.

మేడ మీద జనం పోగవుతున్నారని వీరభద్రం పైకి తెలియపరిచాడు. దక్షిణామూర్తి గారు ముందు చెప్పకుండా ఒక సాయంత్రం వచ్చి, నేరుగా మేడ ఎక్కారు. సీలు చూశారు. చెక్కుచెదరలేదు. లక్కలో నొక్కిన తన ముద్ర ఆయనకేసే చూస్తోంది.

"అయితే వీరు చూచుచున్నది ఏమి?" అని అడిగారు.

చూస్తే తెలుస్తుందంది హైమవతి. అప్పుడు వంతు పెమ్మాడి సత్యవేణి అనే పిల్లది. వారం రోజులుగా వస్తోంది, ఇంకా అందలేదు. అయినా పక్కకి తప్పుకుంది. దక్షిణామూర్తి గారు విచారణ నిమిత్తం వంగి, గొట్టానికి కన్ను ఆనించారు.

"వీరభద్రం, రాసుకొనుము," అన్నారు. "ఒక గుండ్రని వస్తువు కానవచ్చుచున్నది. దాని చుట్టూ..."

అక్కడ ఆగిపోయారు. వీరభద్రం కలం పట్టుకుని కాచుకున్నాడు.

"ఇది నిజంగా అక్కడుందాండీ?" అన్నారు ఆయన. ఆ గొంతు ఎవరిదో అని పిల్లలు అటూ ఇటూ చూశారు.

"ఉందండి," అంది హైమవతి.

"ఉంగరం దేన్నీ అంటుకోకుండానే ఉందండీ. పడిపోదాండీ?" కన్ను గొట్టానికి ఇంకా గట్టిగా ఆనించారు. "అయ్యో, పోతందేంటండీ ఇది? అటు పోతంది. ఆగవేం..."

ఆయన వేలు ఆయనకి తెలియకుండానే గొట్టాన్ని తోసింది. లక్క పెటిల్లున పగిలి, ముక్కలు ఆయన బూట్ల మీద పడ్డాయి. మౌంటు, ఆదివారమంతా ఒక ఆడమనిషి భోజనాల బల్ల మీద తోమి తుడిచిన మౌంటు, చప్పుడు లేకుండా కదిలి శనిని మళ్ళీ మధ్యకి తెచ్చింది.

"మెల్లిగా తోస్తే చాలండి. ఒక్క వేలు చాలు," అంది హైమవతి.

"ఎంత సుఖంగా వెళుతోందండీ," అంటూ లేచి, ఆయన కిందికి చూసుకున్నారు. తన బూట్లు, వాటి మీద తన ముద్ర ఉన్న లక్క ముక్క. తరవాత చొక్కా సర్దుకున్నారు. పాత గొంతు తిరిగి వచ్చింది.

"వీరభద్రం, రాసుకొనుము. గ్రహము కదిలినందున సీలు పగిలినది. గ్రహముల రాకపోకలు మా పరిధిలోనివి కావు. తిరిగి సీలు వేయుటకు లక్క ప్రాంతీయ కార్యాలయము నుండి రావలెను. రేపు వచ్చును." ఆ మీదట సత్యవేణి వైపు తిరిగి, "చూడమ్మా," అన్నారు.

వీరభద్రం రాసుకున్నాడు. రాసుకున్నాక వరస చివర వెళ్ళి నిలబడ్డాడు.

ఆ సాయంత్రం మిగిలిన పిల్లలందరూ చూశారు. శని పక్కకి జరిగినప్పుడల్లా హైమవతి ఒక్క వేలితో అతన్ని వెనక్కి తెచ్చింది. ఏడింటి బస్సుని సూర్యారావు విజిలు పట్టుకుని రోడ్డు మధ్యలో నిలబడి ఆపాడు. సత్యవేణి గొట్టం నుంచి ముఖం తీశాక, "మేడంగారూ, అచ్చం మీరు బోర్డు మీద గీసినట్టే ఉందండి," అంది. హైమవతి టార్పాలిను మడతపెట్టే నెపం మీద అటు తిరిగి కాసేపు ఏడ్చింది.

మర్నాడు లక్క రాలేదు. తరవాతా రాలేదు. దక్షిణామూర్తి గారి తుది నివేదిక వచ్చింది. తాము స్వయముగా తోసి పరీక్షించగా మౌంటు మొదట మొరాయించి, పిమ్మట ఒక్కసారిగా కదిలినదనీ, గ్రీజు ఎవరిదైనప్పటికీ అది తీసుకువెళ్ళిన నాటి స్థితిలోనే ఉన్నదనీ, కావున సంఘము అనవసరమనీ అందులో ఉంది. మొరాయించింది లక్క కదా అని ఎవరూ అడగలేదు. వీరభద్రం మౌంటుని స్టోరులోకి పుచ్చుకున్నాడు. హైమవతి నెలాఖరుకి రిటైరైంది, శాలువా కప్పారు.

గేటు మాత్రం ఇంకా ఇంటికి రాలేదు. సముద్రపు గాలికి స్టోరులో అది తుప్పు పట్టి, కదిపితే గోల పెడుతోంది. తీసుకువెళ్ళినప్పుడు గోల పెట్టలేదు కనక, ఆ స్థితికి తెచ్చిగాని అప్పగించడానికి వీల్లేదు. తేవాలంటే ప్రైవేటు గేటుకి ప్రభుత్వ గ్రీజు రాయాలి. ఆ సంగతి మీద ఒక అభిప్రాయం కోరుతూ నరసరాజు గారు పైకి రాశారు.

గేటు లేని ఇంట్లోకి ఆవులు వచ్చి బెండ మొక్కలు తినేస్తున్నాయి. సాయంత్రాలు, బస్సుకి ఇంకా టైముంటే, పిల్లలు కూడా వీధిలోంచి నేరుగా లోపలికి వచ్చేసి, ఈవేళ ఆకాశంలో ఏముందండీ మేడంగారూ అని అడుగుతున్నారు. సూర్యారావు వారం వారం రసీదు పట్టుకుని కళాశాలకి వెళ్ళి అడిగి వచ్చేవాడు. ఇక వెళ్ళొద్దని హైమవతి అతనికి చెప్పింది.